కూర్చోని పైపు

"కూచోలేదు!"

కారు కింద నుంచి ఓబులేసు అరిచిన అరుపుకి షెడ్డు రేకుల మీది పావురాలు లేచిపోయాయి. వెనకే ఒక పానా గచ్చు మీద జారుకుంటూ వచ్చి గోడకు తగిలి ఆగింది. దాని వెనక ఒక బూతుమాట వచ్చింది. అది ఇక్కడ రాయదగింది కాదు.

గోడ పక్కన పాత టైరు మీద కూర్చుని కార్బురేటర్ తుడుచుకుంటున్న లాలప్ప వంగి ఆ పానా అందుకున్నాడు. భుజం మీది తువ్వాలుతో దాన్ని తుడిచి, మిగతా పానాల వరసలో దాని చోట దాన్ని పెట్టి, మళ్ళీ తన పనిలో పడ్డాడు. ఏది కూర్చోలేదని అడగలేదు. బుధవారం నుంచి ఆ షెడ్డులో కూర్చోనిది ఒక్కటే. గిడ్డయ్య సారు టర్బో కారుకు తెచ్చిన కొత్త పొగగొట్టం. ఇవాళ శుక్రవారం.

ఏ సామానైనా దాని చోట సరిగ్గా అమరితే మెకానిక్కులు 'కూర్చుంది' అంటారు. అమరకపోతే కూర్చోలేదంటారు. ఇంటికొచ్చిన చుట్టం గురించి చెప్పినట్టే చెబుతారు. చుట్టమైతే కాసేపటికి అలిసిపోయైనా కూర్చుంటాడు. ఈ పైపు మూడు రోజులుగా నిలబడే ఉంది.

లాలప్ప షెడ్డు నంద్యాలలో ఆత్మకూరు పోయే దారి మీద ఉంది. నలభై ఏళ్ళుగా ఉంది. దూదేకుల ఇంట పుట్టిన లాలప్ప దూది ఎన్నడూ ఏకలేదు. పదహారో ఏట ఇంజను పట్టుకున్నాడు, ఇంకా వదల్లేదు. ఆయన దగ్గర పని నేర్చుకోవడానికి ఒక పద్ధతి ఉంది. ముందు టార్చి, తర్వాత పానా, ఆ తర్వాత పేరు.

టార్చి పట్టుకోవడం తేలికనుకునేవాళ్ళు ఎన్నడూ పట్టి ఉండరు. ఉస్తాద్ చెయ్యి ఎటు పోతే వెలుగు అటు పోవాలి. చెయ్యి కన్నా ఒక క్షణం ముందే పోవాలి. ఓబులేసు ఏడాదిపాటు టార్చే పట్టాడు. తర్వాత పానా ఇచ్చారు, దాంతోపాటు ఒక ఆంక్ష పెట్టారు. ఏ బోల్టయినా ముందు వేళ్ళతో నాలుగు చుట్లు తిరగాలి. వేళ్ళకు లొంగని బోల్టు మీద పానా పెట్టకూడదు.

ఇక పేరు. దానికి పండగా లేదు, పూలదండా లేదు. ఒక రోజు లాలప్ప 'రేయ్' అనడం మానేసి 'మేస్త్రీ' అంటాడు. అంతే. మర్నాటి నుంచి నంద్యాలంతా అలాగే పిలుస్తుంది. ఓబులేసు కన్నా ముందు ముగ్గురు ఆ పేరుతోనే బయటికి పోయి సొంత షెడ్లు పెట్టుకున్నారు. ముగ్గురికీ ఐదేళ్ళకల్లా వచ్చింది. ఓబులేసుకు ఏడేళ్ళు నిండాయి, వయసు ముప్ఫై ఒకటి. ఇప్పటికీ 'రేయ్'.

ఆ కోపం అతనిలో ఎప్పుడూ ఒక మూల కాలుతూనే ఉంది. పైపు వచ్చి దాని మీద డీజిలు పోసింది.

*

బుధవారం పొద్దున గిడ్డయ్య సారు ఒక పొడుగాటి అట్టపెట్టె మోసుకుంటూ వచ్చాడు. ఆయన హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఎన్నాళ్ళో ఆశపడి సెకండ్ హ్యాండులో ఆ ఎర్ర టర్బో కారు కొనుక్కున్నాడు. ఇంజను భేషుగ్గా ఉంది. ఇంజనుకు తగిలించిన టర్బో నోటి నుంచి కిందికి దిగే పొగగొట్టం మాత్రం తుప్పు పట్టి చీలిపోయింది. కంపెనీ పైపు ధర విని సారు రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. మూడో రోజు ఫోన్లో వెతికి చవకది ఒకటి తెప్పించాడు.

పెట్టె మీద పెద్ద అక్షరాలతో ఉంది: 'ఈ బండికే చేసినది. విప్పి బిగించుకోవడమే.'

ఆ మాట రాసినవాణ్ని ఒక్కసారి ఆ కారు కింద పడుకోబెట్టాలి. వాడు ఆ బండిని బొమ్మలో కూడా చూసి ఉండడు. ఎక్కడో పైపులు వంచుతారు, ఎక్కడో కొసలు అతుకుతారు, ఎక్కడో పెట్టెలో పెడతారు. అది బండికి పడుతుందా అని ఈ ముగ్గురిలో ఒక్కడూ బండి కిందికి దూరి చూసిన పాపాన పోడు. చూడాల్సిన ఖర్మ నంద్యాలలో ఓబులేసుకు పట్టింది.

లాలప్ప పైపును పెట్టెలోంచి తీసి అటూ ఇటూ తిప్పాడు. వేలి కణుపుతో తట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఓబులేసు చేతిలో పెట్టాడు.

"ఈ బండి నీది. నేను పానా ముట్టను."

ఓబులేసు దాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు. ఏడేళ్ళలో ఆ మాట రావడం అదే మొదలు. మొదటి నుంచి చివరిదాకా ఒక బండి తన ఒక్కడి చేతి మీదుగా బయటికి పోవడమంటే ఏమిటో అతనికి తెలుసు. ఈ కారు షెడ్డు గేటు దాటిన రోజున పేరు వస్తుంది.

"శుక్రవారం నాలుక్కల్లా కావాలప్పా," అన్నాడు గిడ్డయ్య సారు. "మా పాపకు కర్నూల్లో ఆపరేషన్ చేసి బిడ్డను తీసినారు. ఆడపిల్ల. శుక్రవారం ఇంటికి పంపిస్తామన్నారు. బాలింత గదా, బస్సులో యాడ తెచ్చేది? దోవపొడుగునా అద్దాలు ఎత్తుకొని మెల్లగా తెచ్చుకోవాల. మరీ పొద్దుపోకముందే బిడ్డ ఇల్లు చేరాలంటాది మా ఇంటామె."

ఫోన్లో మనవరాలి ఫోటో చూపించాడు. తెల్లగుడ్డలో ఎర్రటి చిన్న ముఖం, పిడికెడంత. ఓబులేసు "బాగుండాది సార్" అన్నాడు. చూపు మాత్రం చేతిలోని పైపు మీదే ఉంది.

"శుక్రవారం నాలుక్కు రెడీగా ఉంటాది సార్. నాదీ పూచీ," అన్నాడు.

*

పాత పైపు ఊడదీయడానికే మధ్యాహ్నమైంది. బోల్టులు తుప్పులో కరుచుకుపోయాయి. ఊడిరాగానే ఓబులేసు దాన్ని షెడ్డు వెనక పాత ఇనప సామాను కుప్పలోకి విసిరేశాడు.

"పాతది చూసుకోవా?" అన్నాడు లాలప్ప.

"దాంట్లో చూసేదేముంది ఉస్తాద్? అది చచ్చింది."

లాలప్ప ఒకసారి ఆ కుప్ప వైపు చూసి తన పనికి పోయాడు.

కొత్త పైపు పై కొసన మూడు రంధ్రాలున్న ఇనప బిళ్ళ ఉంటుంది. ఫ్లాంజి అంటారు. టర్బో నోటికి అది అతుక్కోవాలి. రెండు రంధ్రాల్లోకి బోల్టులు పోయాయి. మూడోది ఒక నూలు పక్కకుంది, అంటే కందిబద్దంత. ఇంట్లో తలుపు గొళ్ళెం కందిబద్దంత పక్కకుంటే సర్దుకుంటాం. ఇంజను దగ్గర కందిబద్దంటే కర్నూలుకు నంద్యాల ఎంతో అంత. పైగా బిళ్ళే సాపుగా లేదు. అతికినప్పుడు వేడికి వంకరపోయినట్టుంది. గచ్చు మీద బోర్లించి చూస్తే ఒక పక్క గోరు దూరేంత సందు.

ఓబులేసు పెట్టె మీది నంబరుకు ఫోన్ చేశాడు.

"రంధ్రం పక్కకుండాది!"

"సార్, ఇదే పైపు చాలామందికి పంపినాము సార్. అందరికీ సరిపోయింది."

"ఎవరా అందరు? ఒక్కని పేరు చెప్పు!"

"మీరొకసారి మంచి మెకానిక్కుకు చూపించండి సార్."

"నేనే మెకానిక్కుని!"

"అదే సార్, మంచి మెకానిక్కుకు..."

ఫోన్ గోడకేసి కొట్టబోయి, అది తనదేనని గుర్తొచ్చి ఆగాడు. ఆ ఒక్క తెలివీ ఆ రోజుకు చివరిది. రంధ్రాన్ని గుండ్రటి ఆకురాయితో రాకి పొడుగ్గా చేశాడు. బోల్టు వేళ్ళకు ఒక చుట్టు తిరిగి మొరాయించింది. ఓబులేసు ఒకసారి ఉస్తాద్ వైపు చూశాడు. ఆయన అటు తిరిగి ఎవరిదో స్కూటరు చూస్తున్నాడు. ఓబులేసు పానా పెట్టాడు.

గురువారం ఇంకా అన్యాయం. పైన బలవంతంగా బిగిస్తే కింద పైపు పక్కకు పోయింది. పట్టుకునే రబ్బరు ఒక చోట, తగిలించే కొక్కెం జానెడు ఇవతల. గ్యాసుతో కొక్కేన్ని ఎర్రగా కాల్చి గడ్డపారతో వంచాడు. అది ఒంగితే సెన్సారు పెట్టే రంధ్రం బాడీ రేకువైపు తిరిగింది. దాన్ని సర్దితే పైన ఫ్లాంజి ఇంకొంచెం నోరు తెరిచింది. సందు మూయడానికి పెట్టెలో వచ్చిన గాస్కెట్ పొర అయితే అప్పడం. చేత్తో పట్టుకోగానే చిట్లింది. పైపును ఒక చోట తంతే ఇంకో చోట లేచేది. ఓబులేసు అన్ని చోట్లా తన్నాడు.

మధ్యాహ్నం అతను టీ తాగి వచ్చేసరికి కారు పక్కన గోనెపట్టా ఒకటి పరిచి ఉంది. దాని మీద పాత పైపు, తుప్పు రాకి, తుడిచి, నిద్రపోతున్న మనిషిలా పడుకోబెట్టి ఉంది. ఎవరు పెట్టారో అడగక్కర్లేదు. షెడ్డులో ఉండేది ఇద్దరే.

ఓబులేసుకు తిక్కరేగింది. సాయం చెయ్యాలనుంటే చెయ్యొచ్చు గదా. ఈ చచ్చిన పైపుకు స్నానం చేయించడమెందుకు? కారు కిందికి దూరబోతూ కాలితో దాన్ని పక్కకు తోశాడు. అది దొర్లుకుంటూ పోయి లాలప్ప కాళ్ళ దగ్గర ఆగింది.

"చూస్తా ఉంటారు గానీ ఒక్క మాట చెప్పరు!" అన్నాడు ఓబులేసు. గొంతు అతనికి తెలియకుండానే పెద్దదైంది. "బాషాకు ఐదేండ్లకే పేరిచ్చినారు. మద్దిలేటికి నాలుగేండ్లకే. నాకు ఏడేండ్లు. ఏడేండ్ల తర్వాత ఒక బండి ఇచ్చినారు, ఇస్తే ఈ దరిద్రపు పైపు! నన్ను ఓడగొట్టేదానికే ఇచ్చినారు గదా ఉస్తాద్?"

లాలప్ప వంగాడు. కింద పడిన పైపు తీసి మళ్ళీ గోనెపట్టా మీద పెట్టాడు.

"రేయ్, పొద్దున్నుంచి అన్నం తిన్యావా?" అన్నాడు.

ఓబులేసు కారు కిందికి దూరాడు. కోపంగా ఉన్న మనిషిని అన్నం తిన్నావా అని అడగడమంత అన్యాయం ఇంకోటి లేదు. ఏం చెప్పినా ఓడిపోయినట్టే.

*

శుక్రవారం పదకొండుకు అరిచిన అరుపు మొదట్లోనే విన్నాం. పన్నెండున్నరకు లాలప్ప చేతులు కడుక్కుని, తెల్ల టోపీ పెట్టుకుని, జుమ్మా నమాజుకు బయల్దేరాడు. గేటు దగ్గర ఆగి, "నాలుక్కు సారు వస్తాడు," అన్నాడు. పోయాడు.

షెడ్డులో ఓబులేసు ఒక్కడే మిగిలాడు.

పానా పిడికి మూరెడు ఇనపగొట్టం తొడిగి, రెండు కాళ్ళూ టైరుకు తన్నిపెట్టి, ఉన్న బలమంతా పెట్టి మూడు బోల్టులూ బిగించాడు. కర్రుమని ఏదో మూలిగింది. ఇంజను స్టార్టు చేశాడు. పైన ఫ్లాంజి సందులోంచి టిక్ టిక్ టిక్ అని పొగ కొడుతోంది. పొయ్యి మీద అన్నం గిన్నె మూతలా చప్పుడు.

ఇంజను ఆపేశాడు. మూలనున్న డబ్బా తీశాడు. అది సైలెన్సర్ పేస్టు, సన్నటి చిల్లులకు పూసే మందు. టర్బో నోటి దగ్గరి ఒత్తిడికి అది ఆగదని ఓబులేసుకు తెలుసు. ఏడేళ్ళ పని అతనికి ఆ మాత్రం నేర్పింది. తెలిసే అతని చెయ్యి తొందరపడింది. వేలితో సందు చుట్టూ దట్టంగా పూశాడు. దాని మీద వేడికి తట్టుకునే పట్టీ గట్టిగా చుట్టాడు, దెబ్బకు కట్టు కట్టినట్టు. పట్టీ చుట్టాక పేస్టు కనబడలేదు. రాకిన రంధ్రం, నోరు తెరిచిన బిళ్ళ కూడా కనబడలేదు. పైనుంచి చూస్తే కొత్తగా, తెల్లగా, ముచ్చటగా ఉంది.

మళ్ళీ స్టార్టు చేశాడు. చప్పుడు లేదు.

"కూచో," అన్నాడు పైపుతో, పళ్ళు కొరుకుతూ. "కూచుంటావా లేదా! కూచో!"

కారు కడిగాడు. అద్దాలు తుడిచాడు. తన పేరు తను లోలోపల ఒకసారి పలికి చూసుకున్నాడు. ఓబులేసు మేస్త్రీ. వినడానికి బాగుంది. కానీ ఎందుకో ఎంత సంతోషంగా ఉండాలో అంత సంతోషంగా లేదు.

రెండున్నరకు లాలప్ప వచ్చాడు.

"కూచుండాది ఉస్తాద్," అన్నాడు ఓబులేసు.

లాలప్ప బానెట్ ఎత్తమనలేదు. వంగి కిందికి చూడలేదు. తెల్ల పట్టీ వైపు కన్నెత్తలేదు.

"కూచుండాదా?"

"కూచుండాది."

"అయితే మనమూ కూచుందాం పా."

లాలప్ప కారు వెనక తలుపు తీసి సీటులోకి ఎక్కి కూర్చున్నాడు. టోపీ తీసి జేబులో పెట్టుకున్నాడు. భుజం మీది తువ్వాలు తీసి తల చుట్టూ, చెవులు కప్పుకుని, గడ్డం కింద ముడి వేసుకున్నాడు. డెబ్భై ఏళ్ళ మనిషి, తెల్ల గడ్డం, చెవులకు తువ్వాలు. ఓబులేసుకు నవ్వొచ్చింది. మూడు రోజుల్లో మొదటిసారి నవ్వాడు.

"ఇదేం యాసం ఉస్తాద్?"

"స్టార్టు చెయ్యి. అద్దాలు ఎత్తు. ఏసీ పెట్టు."

ఓబులేసు ముందు సీట్లో కూర్చుని చెప్పినట్టే చేశాడు. ఇంజను మెత్తగా తిరుగుతోంది. చల్లగాలి వస్తోంది.

"ఎంతసేపు ఉస్తాద్?"

"కర్నూలు నుంచి ఎంతసేపు పడుతుంది?"

"మెల్లగా వస్తే రెండు గంటలు."

"అంతసేపు."

ఓబులేసు నవ్వు ఆగిపోయింది.

"ఊరికే కూచుంటే ఎట్ల?" అన్నాడు లాలప్ప. "తొక్కు. బండి ఎగువకు పోతాంది అనుకో."

ఓబులేసు యాక్సిలరేటర్ తొక్కాడు. టర్బో సన్నగా ఈల వేసింది. ఐదు నిమిషాలు గడిచాయి. ఏమీ లేదు. ఏమీ లేదు గదా అని ఓబులేసు తనకు తాను చెప్పుకున్నాడు. ఏడో నిమిషంలోనో, ఎనిమిదిలోనో ముందు ఎక్కడో చిన్నగా వినబడింది.

టిక్.

ఓబులేసు అద్దంలోంచి వెనక్కి చూశాడు. లాలప్ప కళ్ళు కిటికీ బయటికి ఉన్నాయి. చేతులు రెండూ ఒళ్ళో, ఏదో ఎత్తుకున్నట్టు వంచి ఉన్నాయి.

టిక్ టిక్.

కాలిన పేస్టు వాసన ముందు వచ్చింది. తర్వాత అసలు పొగ. ఏసీ దాన్ని బానెట్ కింద నుంచి పీల్చి లోపలికి చల్లగా, నెమ్మదిగా వదులుతోంది. ఓబులేసు గొంతులో గరగర మొదలైంది. కళ్ళు మండాయి. వేలు దానంతట అదే అద్దం దించే మీట మీదికి పోయింది.

"ముట్టొద్దు," అన్నాడు లాలప్ప వెనక నుంచి. "బాలింతకు గాలి తగులుతాది."

ఓబులేసు వేలు అక్కడే ఉండిపోయింది.

తెల్లగుడ్డలో ఎర్రటి చిన్న ముఖం. బుధవారం చూడలేదనుకున్నాడు గానీ, చూశాడు. ఇప్పుడు పిడికెడంత అలాగే కళ్ళ ముందుకొచ్చింది.

వెనక లాలప్పకు దగ్గు వచ్చింది. ముఖం పక్కకు తిప్పుకుని, ఒళ్ళోని దాని మీద పడకుండా, భుజంలోకి దగ్గాడు. చేతులు మాత్రం కదల్చలేదు.

ఓబులేసు తాళం తిప్పి పడేశాడు. తలుపు తన్నుకుని బయటపడి, వెనక తలుపు తీసి ముసలాయన్ని రెండు చేతులా పట్టుకుని బయటికి లాగాడు. తెచ్చి టైరు మీద కూర్చోబెట్టాడు. నీళ్ళు తెచ్చాడు. తొందరలో సగం నీళ్ళు ఆయన చొక్కా మీదే పోశాడు.

"పానం పోయిందంటే!" అని అరిచాడు. "ఏమిటికి ఉస్తాద్ ఇట్ల? మీకేమన్నా అయ్యింటే ఎవరు పూచీ... ఎవరు..."

ఎవరు అన్న మాట దగ్గర అరుపు ఆగిపోయింది. మూడు రోజుల నుంచి ఆ ఒక్క ప్రశ్ననే పైపు మీదా, అమ్మినవాడి మీదా, ఉస్తాద్ మీదా విసురుతూ వచ్చాడు. ఇప్పుడు విసరడానికి షెడ్డులో ఇంకెవరూ కనబడలేదు.

లాలప్ప నీళ్ళు తాగి, చెవుల ముడి విప్పుకున్నాడు. తువ్వాలు దులిపి, మడిచి, భుజాన వేసుకున్నాడు.

"అది కూచుండాదంటివి," అన్నాడు. "నేనూ కూచున్నా."

*

గిడ్డయ్య సారు నాలుక్కు ఐదు నిమిషాలుండగానే ఆటో దిగాడు. చంకలో ఒక సంచి. అందులో మెత్తటి పాత నూలుచీర, దూది ఉండలు, ఒక చిన్న దుప్పటి. ఎర్ర కారు తళతళలాడుతుంటే చూసి ముఖమంతా వెలిగింది. నేరుగా వెళ్ళి వెనక సీటు మీద చీర పరవడం మొదలుపెట్టాడు, ఒక్క మడత లేకుండా.

ఓబులేసు ఆయన వెనక నిలబడ్డాడు. చెప్పడానికి ఒక మాట సిద్ధంగా ఉంది. చవక సామాను తెస్తే ఇంతే సార్, నేనేం చేసేది. ఆ మాట అబద్ధం కాదు. మూడు రోజులుగా నోట్లో నానుతూనే ఉంది. అతను దాన్ని మింగాడు.

"కూచోలేదు సార్," అన్నాడు.

"ఏంది కూచోలేదు?"

"పైపు. పొగ లోపలికి వస్తాంది. బండి ఇయ్యలేను సార్."

గిడ్డయ్య సారు చీర మీద చెయ్యి తీయకుండానే తిరిగి చూశాడు. ఆయన స్కూల్లో బెత్తం పట్టని మాస్టారు. ఆ రోజు ఆయన నోటికి అడ్డు లేకపోయింది.

"మూడు దినాలు పెట్టుకొని నాలుగు గంటలకు చెప్తావా? ఆసుపత్రిలో బిడ్డను ఒళ్ళో పెట్టుకొని కూచుండాది నా కూతురు! నిన్న చెప్పింటే ఏం పోయె? పొద్దున చెప్పింటే ఏం పోయె? నాదీ పూచీ అంటివి! ఏడేండ్లు ఈ మనిషి కాడ నువ్వు నేర్చుకునింది ఇదేనా?"

చివరి మాట తగలాల్సిన చోటే తగిలింది. ఓబులేసు తల వంచుకున్నాడు.

"నిన్ననే చెప్పాల్సింది సార్. నాకు తెలిసే చెప్పలేదు."

గిడ్డయ్య సారు ఫోన్లో టైము చూసుకున్నాడు. ఓబులేసు అప్పటికే ఫోన్ చేసి బస్టాండు దగ్గరున్న మౌలాలి టాక్సీని పిలిపించి ఉన్నాడు. అది గేటు ముందు హారన్ కొట్టింది. ఓబులేసు వెనక సీటు మీది చీర తనే తీశాడు. తన చేతులు నల్లగా ఉన్నాయని చూసుకుని, మణికట్లతో పట్టుకుని తీసుకుపోయి టాక్సీ సీటు మీద పరిచాడు. మడత పడింది. గిడ్డయ్య సారు దాన్ని సరిచేసుకుని, ఎక్కి తలుపు వేసుకున్నాడు. టాక్సీ కర్నూలు దారి పట్టింది.

గేటు దాటిన బండి అది. ఎర్ర కారు షెడ్డులోనే ఉంది.

ఓబులేసు లాలప్ప వైపు చూడలేదు. చూడ్డానికి ముఖం చాల్లేదు. కారు కిందికి దూరాడు. తెల్ల పట్టీ ఇంకా వేడిగా ఉంది. అయినా చేత్తోనే చింపాడు. వేళ్ళు కాలాయి. అరవలేదు. కాలిన పేస్టు పెళ్ళలుగా ఊడి ముఖం మీద పడింది. మూడు బోల్టులూ విప్పాడు. కొక్కెం విప్పాడు. పైపు దాని మానాన అది వదులై చేతుల్లోకి వచ్చింది. దాన్ని మొదటిసారి మెల్లగా కింద పెట్టాడు.

బయటికొచ్చి గోనెపట్టా దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. పాత పైపు పక్కన కొత్తదాన్ని పడుకోబెట్టాడు. పక్కపక్కన పెట్టి చూస్తే ఎక్కడ ఎంత తేడా ఉందో అంతా కనబడుతోంది. దాచిపెట్టిందేమీ లేదు. బుధవారం నుంచీ అక్కడే ఉంది. పాతదాని ఒళ్ళు కుళ్ళింది గానీ, పైనున్న ఫ్లాంజి దిట్టంగా, అద్దంలా సాపుగా ఉంది. ఓబులేసు సుద్దముక్కతో గీతలు గీశాడు. వంకర బిళ్ళను కోసి పారేశాడు. పాతదాని ఫ్లాంజి కోసి తీసి కొత్త పైపుకు రెండు చోట్ల చిన్నగా అతికాడు, కదిలిస్తే కదిలేంత. పూర్తి అతుకు తర్వాత. ముందు బండి మీద పెట్టి చూడాలి, అన్నీ వదులుగా ఉంచి.

మళ్ళీ కారు కిందికి దూరాడు. పైపును ఎత్తి టర్బో నోటి దగ్గరికి తెచ్చాడు. అక్కడ చీకటి. ఒక చేత్తో పైపు మోస్తూ రెండో చేత్తో బోల్టు కోసం తడుముకున్నాడు. రంధ్రం కనబడలేదు. తల ఎటు తిప్పినా తన నీడే అడ్డొచ్చింది.

అప్పుడు వెలుగు వచ్చింది.

అతని చెయ్యి పోబోయే చోటికి, చెయ్యి కన్నా ఒక క్షణం ముందు వచ్చింది. రంధ్రం మీద నిలిచి కదలకుండా ఆగింది. ఓబులేసు తల తిప్పి చూశాడు. పక్కన గచ్చు మీద, నమాజుకు వేసుకున్న తెల్ల చొక్కాతోనే, లాలప్ప వెల్లకిలా పడుకుని ఉన్నాడు. చేతిలో టార్చి ఉంది.

ఓబులేసు బోల్టు వెతికే చెయ్యి టార్చి వైపు చాపాడు.

"ఉస్తాద్, ఇట్లియ్యండి. అది నేను పట్టుకోవాల్సింది."

"నీ పని నువ్వు చూడు మేస్త్రీ," అన్నాడు లాలప్ప.

ఓబులేసు బోల్టును రంధ్రంలో పెట్టి వేళ్ళతో తిప్పాడు. ఒక చుట్టు తిరిగింది. రెండు. మూడు. నాలుగు.